కలివి కోడి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కలివి కోడి గురించి పేపర్లో ఏదైనా వార్త వచ్చినప్పుడల్లా చాలామంది ఒకేలాంటి ప్రశ్నలు అడుగుతుంటారు. అది నిజంగా ఉందా, ఎక్కడుంది, చూడొచ్చా, ఒక పిట్ట కోసం కాలువ ఆపడమేంటి, ఇట్లాంటివి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే అన్నీ ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. కొన్నిటికి ఒక్క లైన్‌లో జవాబు అయిపోతుంది, కొన్నిటికి కాస్త ఓపిగ్గా చదవాలి.

కలివి కోడి అంటే కోడి జాతా?

కాదు. పేరులోనే కోడి ఉంది, అంతే. కోళ్ళు, కముజులు, పూరేడు పిట్టలు ఒక వర్గం, ఇది వేరే వర్గం. దీని చుట్టాలు ఎవరంటే చెరువు గట్ల మీద అరిచే తీతువులు, ఏటి ఒడ్డున తిరిగే ఉల్లంకి పిట్టలు, ఆ కుదురుకి చెందింది. ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్ అంటారు, కోర్సర్ అంటే నేల మీద పరిగెత్తే పిట్టల రకం, శాస్త్రీయ నామం రైనోప్టిలస్ బైటార్క్వాటస్. కలివి పొదలు ఉండే చోట తిరుగుతుంది, కోడిలాగా నేల మీదే నడుస్తుంది, అందుకే కడప వైపు జనం దీన్ని కలివి కోడి అన్నారు.

చూడటానికి ఎట్లా ఉంటుంది?

ముక్కు నుంచి తోక దాకా 27 సెంటీమీటర్లు, అంతే. కాళ్ళు సన్నగా పొడుగ్గా లేత రంగులో ఉంటాయి, ఒళ్ళు మట్టి రంగు, పెద్ద కళ్ళు. నిలబడినప్పుడు నిటారుగా నిలబడుతుంది.

గుర్తుపట్టడానికి ముఖ్యంగా చూడాల్సింది మెడ, రొమ్ము. గొంతు దగ్గర ఇటుక రంగు కలిసిన నారింజ మచ్చ ఒకటి ఉంటుంది, దాని కింద తెల్ల పట్టీ, దాని కింద వెడల్పుగా గోధుమ రంగు పట్టీ, మళ్ళీ తెలుపు, మళ్ళీ సన్నటి గోధుమ పట్టీ, ఆ తర్వాత తెల్లటి పొట్ట. ఈ రెండు పట్టీలు ఇంకే కోర్సర్‌కీ మన దగ్గర లేవు. కంటి పైన వెడల్పాటి తెల్లటి కనుబొమ్మ లాంటి గీత ఉంటుంది, నెత్తి ముదురు గోధుమ రంగు. ముక్కు పొట్టిగా, మొదట్లో పసుపు, చివర నలుపు. ఎగిరినప్పుడు నల్లటి రెక్కల చివర తెల్ల మచ్చ కనిపిస్తుంది, తోక కూడా చాలావరకు నలుపే.

ఇన్ని రంగులు రాశాను కదా, కొట్టొచ్చినట్టు కనపడుతుందేమో అనుకుంటారు, కానీ ఎండిన ఆకులు, గులకరాళ్ళు, పొదల నీడలు ఉన్న నేల మీద ఆ పట్టీలే దాని ఆకారాన్ని ముక్కలు చేసి చూపిస్తాయి. కదలకుండా నిలబడిందంటే రెండు బారల దూరంలో ఉన్నా దాటి పోతారు.

ఒక్క కడపలోనే ఉంటుందా? ఇంకెక్కడా లేదా?

ఇప్పటివరకు ఆధునిక కాలంలో గట్టి ఆధారాలతో దొరికింది కడప జిల్లా, దాన్ని ఆనుకుని ఉన్న ఆ తూర్పు కనుమల ప్రాంతం నుంచే. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం చుట్టుపక్కల, సిద్దవటం, బద్వేలు వైపు, కొండలకి పెన్నా నదికి మధ్య ఉండే చదును నేలలు.

పాత రికార్డులు చూస్తే మాత్రం ఇంకా పెద్ద ప్రాంతం. 19వ శతాబ్దంలో నెల్లూరు, కడప, అనంతపురం వైపు పెన్నా లోయలోనూ, భద్రాచలం, సిరొంచ వైపు గోదావరి లోయలోనూ కనపడినట్టు రాసి ఉంది. అంటే తెలంగాణ వైపు కూడా ఒకప్పుడు ఉండేది. ప్రపంచం మొత్తం మీద తెలుగు నేలకీ, దాని అంచులకీ తప్ప దాదాపు ఇంకెక్కడికీ చెందని పిట్ట ఇది, ఇంత అరుదైన పక్షి మనదై ఉండి మన పిల్లల సోషల్ పుస్తకాల్లో ఒక పేరా కూడా సరిగ్గా రాయకపోతే నాకు బాధగా ఉంటుంది.

ఈ జెర్డన్ ఎవరు?

థామస్ జెర్డన్ అని ఈస్టిండియా కంపెనీలో డాక్టరు, మద్రాసు ప్రెసిడెన్సీలో పని చేశాడు, కొంతకాలం నెల్లూరులో కూడా ఉన్నాడు. మన దక్షిణాది పక్షుల గురించి మొదట పద్ధతిగా రాసిన వాళ్ళలో ఒకడు. ఆయన సేకరించిన పిట్టని 1848లో కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లైత్ అనే ఆయన కొత్త జాతిగా ప్రకటించాడు.

అంతరించిపోయిందన్నారు కదా, మళ్ళీ ఎట్లా దొరికింది?

1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్ అనే ఆయన చూశాడు, దాని తర్వాత ఎవరికీ కనపడలేదు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ అంతటి ఆయన వెతికినా దొరకలేదు. ఏళ్ళు గడిచే కొద్దీ ఇంక పోయిందిలే అని లోకం అనుకుంది.

1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు మళ్ళీ వెతకడం మొదలుపెట్టారు. అందులో భరత్ భూషణ్ అనే పరిశోధకుడు చేసిన మంచి పని ఏంటంటే, బైనాక్యులర్ వేసుకుని తిరగడంతో ఆగకుండా పిట్ట బొమ్మ పట్టుకుని ఊరూరా తిరిగి, పిట్టలు పట్టే వాళ్ళని, గొర్రెల కాపర్లని కూర్చోబెట్టి అడిగాడు. వాళ్ళు చూసి, ఓ ఇదా, ఇది మాకు తెలుసు, కానీ ఇది రాత్రి పూట తిరిగే పిట్ట కదా అన్నారు. అప్పటిదాకా వెతికిన పెద్ద పెద్ద వాళ్ళంతా పగలు వెతికారు! టార్చిలైటు వేసి రాత్రి వెతకాలన్న సంగతి అక్కడి వేటగాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు.

1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రి పూట టార్చిలైటు వెలుగులో ఒక పిట్టని ప్రాణాలతో పట్టుకున్నాడు. 86 ఏళ్ళ తర్వాత అదే మొదటి సాక్ష్యం. ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు, కానీ జాతి ఉందని తేలిపోయింది. 1988లో లంకమల్ల అడవిని అభయారణ్యంగా ప్రకటించారు, అదే ఏడాది అక్టోబరులో తపాలా శాఖ ఈ పిట్ట బొమ్మతో రూపాయి స్టాంపు కూడా వేసింది.

ఈ కథలో నేను ఎప్పుడూ చెప్పేది ఒక్కటే, ఆ పిట్టని వెనక్కి తెచ్చింది ఊళ్ళో జనం జ్ఞానం. ఇప్పుడు కాపాడే పనిలో మాత్రం వాళ్ళని అడవికి శత్రువులుగా చూస్తే ఎట్లా?

పగలు ఎక్కడ ఉంటుంది మరి?

పొదల నీడలో నేల మీదే కదలకుండా ఉంటుందని పరిశోధకుల అంచనా. పెద్ద కళ్ళు ఇచ్చిందే రాత్రి కోసం. చీకటి పడ్డాక పొదల మధ్య ఖాళీ నేల మీదికి వచ్చి గబగబా నాలుగడుగులు పరిగెత్తడం, ఆగడం, మళ్ళీ పరిగెత్తడం. భయపడితే ఎగరడం కంటే పొదల్లోకి పరిగెత్తడానికే ఎక్కువ ఇష్టపడుతుంది.

ఏం తింటుంది?

పురుగులు. చెదలు, చీమలు ముఖ్యంగా. ఆ నేలల్లో చెద పుట్టలకి కొదవ లేదు.

ఎట్లాంటి అడవి కావాలి దానికి? అడవి అంటే అడవే కదా?

ఈ ప్రశ్న దగ్గర కాస్త ఆగండి, మిగతా అన్నిటికీ జవాబు ఇందులోనే ఉంది.

మనకి అడవి అనగానే ఎత్తైన చెట్లు, నీడ, పచ్చదనం గుర్తొస్తాయి. ఈ పిట్టకి అది పనికిరాదు. దీనికి కావాల్సింది ముళ్ళ కంప, కలివి, రేగు, తుమ్మ, బలుసు లాంటి పొదలు అక్కడొకటి ఇక్కడొకటి ఉండి, మధ్యలో నడిచేంత ఖాళీ నేల ఉండాలి. లంకమల్ల దగ్గర కొన్నేళ్ళు పరిశోధన చేసిన వాళ్ళు పొదలు లెక్కపెట్టి మరీ చెప్పారు, హెక్టారుకి రెండు మీటర్ల కంటే ఎత్తున్న పెద్ద పొదలు 300 నుంచి 700 దాకా ఉండి, చిన్న పొదలు వెయ్యి లోపు ఉన్న చోట ఇది ఉండే అవకాశం ఎక్కువ అని. మన లెక్కలో చెప్పాలంటే ఎకరాకి సుమారు 120 నుంచి 280 పెద్ద పొదలు, 400 లోపు చిన్న పొదలు.

అంటే పొదలన్నీ కొట్టేసి చదును చేస్తే పిట్ట పోతుంది, అట్లాగని పొదలు మరీ గుబురుగా కమ్ముకుపోయినా పోతుంది. రెండూ కాని మధ్యస్థంగా ఉండాలి.

ఇంకో సంగతి, ఇది కొండ మీద ఉండదు. కొండ పాదం దగ్గర చదునుగా ఉన్న నేలలో ఉంటుంది. మన అభయారణ్యాల మ్యాపులు చూస్తే ఎక్కువ భాగం కొండలే, ఎందుకంటే కొండ ఎవరికీ అక్కర్లేదు, సేద్యానికి రాదు, ఇల్లు కట్టలేం. కొండ కింద చదును నేల మాత్రం అందరికీ కావాలి, రైతుకి నిమ్మ తోట వేయడానికి కావాలి, ప్రభుత్వానికి కాలువ తవ్వడానికి కావాలి, ముంపు ఊళ్ళ వాళ్ళకి ఇళ్ళ స్థలాలు ఇవ్వడానికి కావాలి, రోడ్డుకి కావాలి, క్వారీకి కావాలి. రెవెన్యూ రికార్డుల్లో చాలాచోట్ల అది బంజరు. కలివి కోడి సమస్య మొత్తం ఈ బంజరు అన్న ముద్ర దగ్గరే ఉందని నా గట్టి నమ్మకం. కొండ మీద అడవికి కంచె వేసి, కొండ కింద కంపని వదిలేస్తే మనం ఆ పిట్ట ఇల్లు వదిలేసి పక్కింటికి కాపలా కాసినట్టే.

ఉపగ్రహ చిత్రాలతో చేసిన ఒక అధ్యయనంలో 1991 నుంచి 2000 మధ్య ఈ ప్రాంతంలో పొదల నేల 11 నుంచి 15 శాతం తగ్గిందని తేలింది, ఎక్కువగా సేద్యపు భూమిగా మారిపోయి. అది పాత లెక్క. ఆ తర్వాత జేసీబీలు ఊరూరికీ వచ్చాయి.

గూడు ఎట్లా కడుతుంది? గుడ్లు ఎవరైనా చూశారా?

అడవిలో దీని గూడు చూసి పద్ధతిగా నమోదు చేసిన వాళ్ళు ఇంతవరకు లేరు. కోర్సర్ జాతులన్నీ నేల మీదే చిన్న గుంటలో గుడ్లు పెడతాయి కాబట్టి ఇదీ అంతే అనుకోవాలి.

గుడ్డు కథ మాత్రం చాలా బాగుంటుంది. స్కాట్లాండ్‌లో అబెర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో పాత గుడ్ల కలెక్షన్ ఒకటి ఉంది, అందులో ఒక గుడ్డు మీద జెర్డన్స్ కోర్సర్ అని రాసి ఉన్నట్టు 2008 ప్రాంతంలో గమనించారు. 1917లో కోలార్ దగ్గర సేకరించింది, సేకరించినాయన కోలార్ బంగారు గనుల్లో పని చేసిన పశువుల డాక్టరు. నమ్మాలా వద్దా అని, గుడ్డు లోపలి పొర నుంచి డీఎన్‌ఏ తీసి, మ్యూజియంలో ఉన్న పాత పిట్ట చర్మాలతో పోల్చి చూస్తే నిజంగానే కలివి కోడి గుడ్డు! 2013లో దాని మీద పరిశోధన పత్రం వచ్చింది. ఇప్పటికి లోకంలో తెలిసిన కలివి కోడి గుడ్డు అదొక్కటే. దాంతో ఇంకో సంగతి కూడా బయటపడింది, 1900 తర్వాత పోయిందనుకున్న పిట్ట 1917లో కర్ణాటక వైపు గుడ్లు పెడుతూనే ఉంది.

కూత ఎట్లా ఉంటుంది?

రెండు ముక్కల కూత, ట్విక్-టూ, ట్విక్-టూ, ట్విక్-టూ అని వరసగా. పొద్దు గూకిన తర్వాత ముక్కాలు గంట నుంచి గంటా పది నిమిషాల మధ్యలో మొదలుపెట్టి కొన్ని నిమిషాలే అరుస్తుంది, తర్వాత ఆపేస్తుంది. అంటే రోజు మొత్తంలో అది ఉన్నట్టు మనకి చెప్పేది ఆ కాసేపే, ఆ టైంలో మీరు బైకు మీద పోతుంటే అంతే సంగతులు.

కనపడని పిట్టని ఎట్లా లెక్కపెడతారు?

ఇది నాకు బాగా ఇష్టమైన విషయం. 2000 ప్రాంతంలో పి. జగన్నాథన్ అనే పరిశోధకుడు, ఆయనతో పాటు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు, బ్రిటన్ శాస్త్రవేత్తలు కలిసి ఒక పద్ధతి పెట్టారు. పొదల మధ్య పిట్ట నడవగలిగే దారుల్లో మెత్తటి సన్నటి మట్టి తెచ్చి పట్టీలాగా పరిచారు, కొన్ని మీటర్ల పొడుగు ఉండేట్టు. సాయంత్రం దాన్ని నున్నగా చదును చేసి వచ్చేస్తారు, పొద్దున్నే పోయి దాని మీద ఎవరెవరు నడిచారో చూస్తారు.

పొద్దున ఆ మట్టి మీద ఏముంటాయో ఆలోచించండి, కుందేలు అడుగు, ఉడుం తోక ఈడ్చిన గీత, కముజు కాళ్ళు, తొండ, తేలు, మేక గిట్ట. వీటి మధ్యలో కలివి కోడి అడుగుని పట్టాలి. కోర్సర్లకి వెనక వేలు ఉండదు, ముందుకి మూడే వేళ్ళు. కముజుకి, పూరేడుకి వెనక వేలు ఉంటుంది కాబట్టి అవి విడిపోతాయి. అయినా ఇంకా చిక్కే, ఎందుకంటే మెట్ట నేలల్లో తిరిగే తీతువు రకం ఒకటుంది, దానికీ మూడు వేళ్ళే. అందుకే అడుగు కొలతలు, వేళ్ళ మధ్య కోణం, వేలి వెడల్పు అన్నీ కొలిచి మరీ తేల్చేవాళ్ళు. పక్కనే ఆటోమేటిక్ కెమెరాలు పెట్టి ఆ అడుగు ఎవరిదో ఫోటోతో రుజువు చేసుకున్నారు. పక్షిని పట్టుకోకుండా, బెదరగొట్టకుండా, నిద్ర లేపకుండా అది ఉందని రుజువు చేయడం అంటే ఇది. తర్వాత రికార్డు చేసిన కూత స్పీకర్లో వినిపించి జవాబు వస్తుందా అని చూసే పద్ధతి కూడా వాడారు.

ఇప్పుడు బతికే ఉందా? ఎన్ని ఉన్నాయి?

అంతర్జాతీయ రెడ్ లిస్టులో ఇది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతి, ఎదిగిన పక్షులు 50 నుంచి 249 మధ్య ఉండొచ్చని అంచనా వేశారు. అది అంచనానే, ఎవరూ ఒకటి రెండు అని లెక్కపెట్టింది కాదు. 2009 ప్రాంతం తర్వాత ఏళ్ళ తరబడి గట్టి రికార్డు లేకపోయేసరికి చాలామంది ఆశ వదిలేసుకున్నారు. 2025 ఆగస్టులో పక్షి ప్రేమికుల బృందం ఒకటి ఆంధ్రప్రదేశ్‌లోనే రాత్రి పూట దీని కూత రికార్డు చేసింది. కాబట్టి బతికే ఉంది. ఎన్ని అంటే మాత్రం చాలా తక్కువ అని తప్ప ఇంకో జవాబు లేదు.

తెలుగు గంగ కాలువ గొడవ ఏంటి? పిట్ట కోసం నీళ్ళు ఆపారా?

ఈ మాట చాలామంది కోపంగా అడుగుతారు, సీమలో నీళ్ళ విలువ తెలిసిన వాళ్ళకి కోపం రావడం తప్పు కాదు, అందుకే వివరంగా రాస్తున్నా.

తెలుగు గంగ అంటే శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్ళని వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు మీదుగా మద్రాసుకి తీసుకుపోయే పథకం, దారిలో సీమకీ నెల్లూరుకీ కూడా నీళ్ళు. 1983లో ఒప్పందం అయింది. దీని కాలువ పని 2005 చివర్లో లంకమల్ల అభయారణ్యం లోపలికి వచ్చేసింది, సరిగ్గా కలివి కోడి తిరిగే కంపల్లో మిషన్లు పెట్టి తవ్వకం మొదలుపెట్టారు. అక్కడ పరిశోధన చేస్తున్న వాళ్ళ కంట పడింది. తర్వాత సంస్థలు, అటవీ శాఖ, సుప్రీం కోర్టు నియమించిన కమిటీ దాకా విషయం పోయి, ఆఖరికి కాలువ దారి మార్చాలని తేలింది. పిట్ట కోసం అదనంగా భూమి సేకరించడానికి కూడా రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది.

అంటే నీళ్ళు ఆపడం కాదు జరిగింది, కాలువ కొంచెం పక్కకి జరిగింది. మొదట్లోనే సర్వే చేసేటప్పుడు అటవీ శాఖని, పరిశోధకులని ఒక మాట అడిగుంటే ఇంత ఆలస్యం, ఇంత ఖర్చు ఉండేది కాదు. రైతుకి జరిగిన నష్టం పిట్ట వల్ల జరిగింది కాదు, ముందు చూసుకోకుండా పని మొదలుపెట్టడం వల్ల. ఇంకోటి, భూమి సేకరణ అంటే ఆ భూమి కూడా ఎవరో ఒక చిన్న రైతుదే, వాళ్ళకి పరిహారం సరిగ్గా, టైముకి అందాలి. అది అందకుండా పిట్టని ప్రేమించమంటే ఎవరూ ప్రేమించరు.

సోమశిల డ్యామ్ కట్టినప్పుడు ముంపుకి గురైన ఊళ్ళని కూడా ఈ పిట్ట ఉండే నేలల్లోకే మార్చారు.

మేకలు, కట్టెలు కొట్టడం వల్లే పోతోందంటారు, నిజమా?

సగం నిజం. మందలు మరీ ఎక్కువై, కట్టెలు మరీ ఎక్కువ కొట్టి, పొదలన్నీ మోళ్ళైపోతే పిట్టకి దాక్కునే చోటు ఉండదు. కానీ పైన రాశాను కదా, పొదలు మరీ గుబురుగా పెరిగినా పిట్ట ఉండదని. అంటే కాస్త మేత, కాస్త కట్టె కొట్టడం ఇన్నేళ్ళూ ఆ నేలని పిట్టకి తగ్గట్టు ఉంచి ఉండొచ్చు కూడా. మందని మొత్తం తరిమేస్తే మంచి జరుగుతుందని గుడ్డిగా నమ్మడం నాకు నచ్చదు, ఎంత మేపితే మంచిదో అక్కడి కాపర్లతో కలిసి తేల్చుకోవాలి. కర్నూలు వైపు రోళ్ళపాడులో బట్టమేక పిట్టని కాపాడదామని గడ్డి నేలకి గట్టి కట్టుబాట్లు పెట్టిన చోట ఊళ్ళతో ఎంత గొడవయిందో గుర్తుంది కదా, ఆ పిట్ట ఇప్పుడు అక్కడ దాదాపు లేనట్టే.

జేసీబీ పెట్టి కంప తీసేసి చదును చేయడం మాత్రం వేరే సంగతి. అది ఒక్క రోజులో చేసే నష్టం మేకలు పదేళ్ళు మేసినా చేయలేవు.

చెట్లు నాటితే మంచిదే కదా?

అక్కడ వద్దు, దయచేసి. కంప నేలలో నీలగిరి, సుబాబుల్ నాటడం, వాటికోసం కందకాలు తవ్వడం, ఇవి ఆ పిట్ట ఇంటిని పాడు చేసే పనులే. హరితం పేరుతో, కంపెనీలు సేవా పనులకి ఇచ్చే సీఎస్ఆర్ డబ్బులతో బీడు నేలల్లో మొక్కలు నాటే మంచి మనసున్న వాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి నేను చేతులు జోడించి చెప్పేది, ఊళ్ళో బడిలో, రోడ్డు పక్కన, చెరువు గట్టున నాటండి. కలివి, రేగు ఉన్న కంప నేల అప్పటికే అడవి.

దీన్ని చూసి ఏ పిట్టలతో పొరబడతాం?

ఎక్కువగా ఇండియన్ కోర్సర్‌తో. అది ఇంకా చిన్నది, నెత్తి, రొమ్ము ఎర్రటి ఇటుక రంగు, కంటి మీదుగా నల్ల గీత, పొట్ట మీద నల్ల మచ్చ. పగలు, దున్నిన చేలల్లో, ఖాళీ బీళ్ళలో గుంపుగా పరిగెడుతూ కనిపిస్తుంది. పగలు బహిరంగంగా కనపడిందంటే దాదాపు అదే.

కళ్ళ ముందు పసుపు రంగు తోలు వేలాడే తీతువు రకం కూడా మెట్ట నేలల్లో ఉంటుంది, నల్ల టోపీ పెట్టినట్టు నెత్తి, రొమ్ము మీద పట్టీలు ఉండవు. రాత్రి పూట టార్చి వెలుగులో కళ్ళు మెరిసేవి మటుకు ఎక్కువసార్లు నైట్‌జార్‌లు అనే రాత్రి పిట్టలు, రోడ్డు మీదే కూర్చుని ఉంటాయి, కాళ్ళు కనపడవు. పెద్ద పసుపు కళ్ళతో కోడంత సైజులో నిలబడి ఈల వేస్తే అది స్టోన్ కర్లూ.

మేము చూడటానికి పోవచ్చా?

పగలు అటవీ శాఖ పర్మిషన్‌తో లంకమల్ల చూడొచ్చు, నిత్యపూజకోనకి శివరాత్రికి వేల మంది పోతారు. రాత్రి పూట సొంతంగా అడవిలోకి పోవడం మాత్రం చట్టవిరుద్ధం, పైగా ప్రమాదం. అది ఎర్రచందనం ఉన్న అడవి, రాత్రి టార్చిలైటుతో తిరిగేవాళ్ళని సిబ్బంది ఎట్లా చూస్తారో చెప్పక్కర్లేదు. ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి.

ఇంకోటి గట్టిగా చెప్పాలి. ఫోన్లో కూత డౌన్‌లోడ్ చేసుకుని స్పీకర్లో పెట్టి పిట్టని పిలవొద్దు. అది తన జాగాలోకి ఇంకోటి వచ్చిందని తిండి మానేసి వెతుక్కుంటూ తిరుగుతుంది. పరిశోధకులు అనుమతితో, లెక్కతో చేసే పని వేరు, సరదాకి వచ్చిన పదిమంది పదిసార్లు చేసేది వేరు. పట్టిస్తే డబ్బులిస్తామని అక్కడి జనానికి ఆశ పెట్టడం ఇంకా ఘోరం. వన్యప్రాణి చట్టంలో ఇది షెడ్యూల్ 1లో ఉంది, పట్టినా చంపినా 3 నుంచి 7 ఏళ్ళ దాకా జైలు.

జూలో పెంచి అడవిలో వదలొచ్చు కదా?

పెంచడానికి ముందు పిట్ట కావాలి, ఉన్న కొన్నిట్లో పట్టుకుంటే అడవిలో ఏం మిగులుతుంది? 1986లో పట్టిన పిట్ట బోనులో ఎన్నాళ్ళో బతకలేదు. దాని గూడు గురించి, పిల్లలకి ఏం పెడుతుందో దాని గురించి ఎవరికీ ఏమీ తెలియకుండా బోనులో పెంచడం జూదం. ముందు నేల కాపాడాలి, ఆ తర్వాతే ఆ మాట.

ఒక పిట్ట పోతే మాకేంటి?

ఈ ప్రశ్న అడిగే వాళ్ళని నేను తిట్టను. పిట్ట వల్ల వాన పడుతుంది, పంట పండుతుంది అని అబద్ధాలు కూడా చెప్పను. ఆ కంప నేల వల్ల మాత్రం మీకు లాభం ఉంది. వాన నీళ్ళు కొండ మీద నుంచి జారి వచ్చి ఇంకేది ఆ కొండ పాదం నేలలోనే, వంకలు నిండేది అక్కడి నుంచే. మేకలకి మేత, కలివి పండ్లు, రేగు పండ్లు, తేనె, పొయ్యిలోకి కట్టె, అన్నీ అక్కడివే. ఆ నేల బాగుంటే ఆ పిట్ట ఉంటుంది. ఇక పిట్ట సంగతికొస్తే, లక్షల ఏళ్ళుగా ఈ పెన్నా లోయలో, ఈ ఎండల్లో, ఈ ముళ్ళ మధ్య బతికిన ప్రాణం అది. మన కాలంలో మన చేతుల్లో అది పోకూడదని నాకుంది, దానికి ఇంకో కారణం నాకు అక్కర్లేదు.

మా పొలం పక్కన కంపలో చూశాననిపిస్తోంది. ఏం చేయాలి?

ముందు సంతోషించండి, పైన రాసిన పట్టీలు, గొంతు మచ్చ సరిచూసుకోండి. రాత్రి కూత వినపడితే మీరు ఉన్న చోటే నిలబడి ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి ఎంతసేపు వినపడితే అంతసేపు రికార్డు చేయండి, మాట్లాడొద్దు, దగ్గరికి పోవద్దు, లైటు వేయొద్దు. టైము, తేదీ, పొద్దు గూకి ఎంతసేపయిందో రాసుకోండి. పొద్దున్నే పోయి వంక ఇసకలో, బండి బాటలో మెత్తటి దుమ్ములో మూడు వేళ్ళ అడుగులు ఏమన్నా ఉన్నాయేమో చూడండి, ఉంటే పక్కన రూపాయి బిళ్ళ పెట్టి పైనుంచి నిటారుగా ఫోటో తీయండి, కొలత తెలుస్తుంది.

తర్వాత మీ దగ్గరలోని ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకి చెప్పండి, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి మెయిల్ పెట్టండి. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో ఊరి పేరు, లొకేషన్ పెట్టొద్దు, ఒక్క వారంలో కెమెరాలతో జనం దిగిపోతారు. పిట్టల యాప్‌ల్లో పెట్టినా సున్నితమైన జాతుల లొకేషన్ దాచే ఏర్పాటు ఉన్న వాటిలోనే పెట్టండి. ఆ కంప మీ పట్టా భూమే అయితే భూమి పోతుందేమోనని భయపడి దాచిపెట్టకండి, రేంజ్ ఆఫీసులో చెప్పింది రాతపూర్వకంగా తీసుకోండి. వాళ్ళు వచ్చి చూసేదాకా ఆ కంప మటుకు కొట్టకండి.